విజయనగరం ర్యాకు

బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో ఆ పంపు సామాన్ల గోడౌన్ తలుపు తీస్తే ముందు తగిలేది రాయపూర్. అది దాటి లోపలికి నడిస్తే మహాసముంద్, ఖరియార్ రోడ్, కాంటాబంజి, టిట్లాగఢ్, కేసింగ వరసగా వస్తాయి. అక్కణ్ణుంచి ఎడమ చేతికి తిరిగితే రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి. అన్నిటికన్నా లోపల, స్తంభం వెనక, ట్యూబ్‌లైటు వెలుగు అందని మూలలో విజయనగరం. పేర్లకు ఊళ్లే గానీ ఇక్కడివన్నీ ఇనప ర్యాకులు. బిలాస్‌పూర్ నుంచి తమ ఊరికి పోయే రైలు ఏ వరసలో ఆగుతుందో అదే వరసలో గోడౌన్ చూసుకునే సన్యాసిరావు వాటికి పేర్లు పెట్టి, ఒక్కోదాని నెత్తిన సుద్దముక్కతో తెలుగులో రాసుకున్నాడు. తెలుగు ముక్క రాని హమాలీలు కూడా "టిట్లాగఢ్ కే పాస్ ఆవ్" అంటే సరిగ్గా అక్కడికే వచ్చి నిలబడతారు. ఏ ఊళ్లో ఏ అరలో ఏ సామాను దిగిందో మాత్రం సన్యాసిరావు ఒక్కడికే తెలుసు.

సోమవారం పొద్దున ఆయన తాళం తీసేసరికి గుమ్మంలో ఓ అమ్మాయి నిచ్చెన భుజాన వేసుకుని నిలబడి ఉంది. కాళ్ల దగ్గర నీలం వైరు చుట్టలున్న అట్టపెట్టె ఉంది. పేరు లాస్య. సీపత్ కరెంటు ప్లాంటులో పనిచేసే తెలంగాణ వాళ్లమ్మాయి. కంప్యూటర్లకు వైర్లు వేసి ఒకదానితో ఒకటి కలపడం ఆమె పని.

"నమస్తే అంకుల్. మీ షాపు, తిఫ్రా షాపు, సీపత్ షాపు, మూడింటినీ కలిపేస్తున్నాం. మనోజ్ సర్ చెప్పలేదా?"

"సెప్పేడమ్మా. కలపడమంటే ఏటో నాకు తెలీలేదు గానీ," అని సన్యాసిరావు నిచ్చెన అందుకుని గోడకి ఆనించాడు.

ఆమె వైరు కొస చీల్చింది. లోపల ఎనిమిది సన్నటి తీగలు, ఒక్కోదానిది ఒక్కో రంగు. వాటిని గోటితో సాపు చేసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, చిన్న గాజులాంటి మూతిలోకి దూర్చి, పట్టకారుతో టక్కున నొక్కింది. సన్యాసిరావు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. ఇరవై ఆరేళ్లుగా బేరింగుల్నీ సీళ్లనీ వేళ్లతో తడిమి పోల్చిన మనిషి కాబట్టి పని తెలిసిన చెయ్యి ఎదురైతే ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది.

"ఈ రంగుల వరస మార్చీస్తే?"

"నడవదు అంకుల్. రెండు చివర్లా ఒకటే వరసుండాలె."

వైరు గోడౌన్ చివరిదాకా లాగాక, ఆమె ఓ చిన్న డబ్బా ఆయన చేతికిచ్చి బొబ్బిలి దగ్గర నిలబడమంది. తను గుమ్మం దగ్గర ఇంకో డబ్బా పట్టుకుని మీట నొక్కింది. ఆయన చేతిలోని డబ్బా మీద పచ్చదీపం ఒకటి వెలిగింది, తర్వాత రెండోది, మూడోది. ఎనిమిదీ ఒకదాని వెనక ఒకటి వెలిగి మళ్లీ మొదటికొచ్చాయి. డబ్బా పట్టుకున్న అరచెయ్యి ఆయనకు తెలియకుండానే గుండెకేసి ఆనింది.

"ఎనిమిదీ వొచ్చీసినాయమ్మా!" అని కేకేశాడు. ఆ కేకలో ఉన్న సంబరానికి తనకే సిగ్గేసింది. అరవైకి ఒక్క ఏడాది తక్కువ వయసు మరి.

మధ్యాహ్నం మనోజ్ వచ్చాడు. యజమాని నాగభూషణం గారి కొడుకు. పెద్దాయన మోకాళ్ల ఆపరేషన్ చేయించుకున్నప్పటి నుంచి వ్యాపారం ఇతనే చూస్తున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మనసులో మాట నవ్వుతూ చెప్పేస్తాడు, ఎదుటివాడికి ఎక్కడ తగిలిందో చూసుకోడు.

"అంకుల్, మీ దిమాగ్‌లో ఉన్నదంతా ఇందులోకి ఎక్కించండి. ఏక్ హఫ్తా చాలు. ఈ నెలాఖరు దాకా రండి, ఉస్కే బాద్ ఇంట్లో ఆరామ్‌గా ఉండండి. ఎన్నాళ్లని ఆ ర్యాకులు ఎక్కుతారు?"

"అచ్ఛా," అన్నాడు సన్యాసిరావు.

నెలాఖరుకు పద్దెనిమిది రోజులుంది. టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లి కేసింగ దగ్గర బల్ల మీద కూర్చున్నాడు గానీ మూత తియ్యలేదు.

*

మంగళవారం, బుధవారం ఆయన చెప్పడం, లాస్య ఎక్కించడం. రాయపూర్‌తో మొదలుపెట్టారు. ఆయన నిచ్చెన మీంచి ఒక్కో పెట్టె దించి, దుమ్ము ఊది, నంబరు చదివి, ఎన్ని ఉన్నాయో చెప్పేవాడు. ఆమె ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని టకటకా కొట్టేది. ర్యాకులకు ఒకటి, రెండు అని నంబర్లు ఇద్దామని ఆమె అంటే ఆయన మొహం చిన్నబోయింది.

"పేరేదైతే ఏంది, మెషీన్‌కి అన్నీ ఒకటే. మీ పేర్లే పెడదాం," అని ఆమె సుద్దరాతల కేసి చూస్తూ ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "కాం... టా... బం... జి. ఠీక్ హై?"

"ఠీక్ గా ఉందమ్మా," అన్నాడు. ఆ పేర్లు తెలుగులో, కొట్టొచ్చినట్టు పెద్దగా, తెర మీద పడ్డాయి. సుద్దరాత చెరిగిపోతే పైనుంచి మళ్లీ దిద్దడమే గానీ అవి అలా వెలుగుతాయని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

మంగళవారం సాయంత్రం లాస్య ఆయన్ని తెర ముందు కూర్చోబెట్టి ఓ బేరింగు నంబరు కొట్టించింది. ఆయన చూపుడువేలితో ఒక్కో అంకె వెతుక్కుని నొక్కాడు. తిఫ్రా, సీపత్ సామాను అప్పటికే ఎక్కించేసి ఉండడంతో మూడు వరసలు వచ్చాయి. వ్యాపార్ విహార్ పద్నాలుగు, తిఫ్రా మూడు, సీపత్ ఆరు.

ఆయన నమ్మలేదు. వెంటనే తిఫ్రా షాపుకు ఫోన్ చేశాడు. అక్కడ కౌంటర్లో గిరిబాబు అని ఓ కుర్రాడు ఉంటాడు. అతని గొంతు తెలుసు గానీ మొహం ఎప్పుడూ చూడలేదు.

"గిరీ, ఆ చిన్న బేరింగులు నీ కాడ మూడుండాల. సూడు."

"మూడే ఉన్నాయి బాబాయ్. నీకెలగ తెలిసింది? ఆగాగు, గిరాకీ వొచ్చేడు. ఒకటి కంప్యూటర్లో కొట్టి ఇచ్చీసి మాటాడతాను."

ఫోన్ చెవి దగ్గరే ఉంది. తెర మీద మూడు రెండైంది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ కాగితం రాయలేదు. ఊరికి ఆ చివర ఒక మనిషి చేతిలోంచి సామాను దాటింది, ఇక్కడ అంకె మారింది. సన్యాసిరావు చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆ రోజు పనయ్యాక కూడా ఇంకో నాలుగు నంబర్లు కొట్టి చూసి, చివరికి లాస్య నవ్వుతుంటే లేచాడు.

బుధవారం మధ్యాహ్నానికి బొబ్బిలి అయిపోయింది. లాస్య స్తంభం వెనక్కి తొంగిచూసి ఫోన్ లైటు వేసింది.

"ఇదేంది అంకుల్? ఇది లెక్కలోకి రాలే."

విజయనగరంలో ఉన్నది మామూలు సామాను కాదు. మూతబడ్డ కంపెనీల సీళ్లు, నీళ్లు తోసే, ఇప్పుడెవరూ పోతపొయ్యని ఇంపెల్లరు చక్రాలు, బజారంతా తిరిగినా దొరకని, ఇరుసుకు తొడిగే బుష్‌లు. ఎవరి పంపు ఎక్కడ ఆగినా చివరికి సన్యాసిరావు దగ్గరికే రావాలంటే ఆ ర్యాకు కారణం. ఆయన నోరు తెరిచాడు. ఈ నెలాఖరు దాకా రండి అని మనోజ్ అన్న మాట నాలుక మీదికి వచ్చి అడ్డం పడింది.

"అది తుక్కమ్మా. పాత ఇనప సామానోడికి ఎయ్యాల," అన్నాడు.

దుమ్ముకి రెండు తుమ్ములు తుమ్మి ఆ పిల్ల వెనక్కి వచ్చేసింది. చెప్పగానే నమ్మేసింది. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

సాయంత్రం హేమూనగర్‌లో ఇంటికి చేరేసరికి భార్య కనకమహాలక్ష్మి గుమ్మడి వడియాలు సంచుల్లో కడుతోంది. ఆయన చెప్పులు విప్పుతూనే బేరింగు సంగతి మొదలుపెట్టాడు. మూడు రెండైన వైనం చేతులు తిప్పుతూ చెప్పాడు. విజయనగరం సంగతి చెప్పలేదు.

"నీకు వింతగాని నాకేటి వింత," అందావిడ ముడి బిగిస్తూ. "నా వొడియాలు ముందు మన లైనోల్లకే తెలుసు. కోడలు పిల్ల ఫోన్లో గ్రూపులో పెట్టిన కాణ్ణుంచి పక్క పేట తోర్వా నుంచి కూడా మనుషులొస్తన్నారు. సెప్తే గదా జనానికి తెలిసేది. దాసుకుంటే పురుగు పడతాది."

ఆవిడ వడియాల సంగతే చెబుతోందని సన్యాసిరావుకు తెలుసు. అయినా ఆవిడ కేసి చూడకుండా కాళ్లు కడుక్కోడానికి లేచాడు.

*

గురువారం పన్నెండు దాటాక ఆయన తెర ముందు కూర్చున్నాడు. నిజానికి ఆయనకు అక్కడ పని లేదు. ఏ షాపులో ఏ అంకె మారుతోందో చూడ్డం మాత్రం రెండు రోజుల్లోనే అలవాటైపోయింది. తెర అడుగున ఎర్రగా ఒక జాబితా ఉంది. గిరాకీ అడిగి, మూడు షాపుల్లోనూ లేదనిపించుకున్న సామాన్లు అందులో పడతాయని లాస్య చెప్పింది. అందులో ఒకే నంబరు రెండుసార్లు ఉంది. పదకొండుంబావుకి సీపత్‌లో ఒకసారి, ఇంకా అయిదు నిమిషాలు కూడా కాలేదు, తిఫ్రాలో ఇంకోసారి.

నంబరు చదవగానే ఆయన చేతివేళ్లు ఆ సామాన్ని గుర్తుపట్టాయి. పాత రకం మెకానికల్ సీలు. పంపులో ఇరుసు తిరిగే చోట నీళ్లు కారకుండా ఆపేది. విజయనగరం, మూడో అర, నూనెకాగితంలో చుట్టినవి నాలుగు.

సీపత్ కౌంటర్లో ఉండే ప్రసూనకు ఫోన్ చేశాడు. విజయనగరం వైపు వాళ్ల పిల్లే, ఏడాదిగా పనిచేస్తోంది.

"ఎవులమ్మా పొద్దున పాత సీలు అడిగినోలు?"

"కిడ్నీ సెంటర్లో మెకానిక్ అంట బాబాయ్. రగతం కడిగే మిషన్లకి నీళ్లు తోసే పంపు కారిపోతంది, కట్టేసినారంట. అయిదుగురు పేషెంట్లు పొద్దున్నుంచి బెంచీ మీదే కూకుని ఉన్నారంట. ఒకావిడికి ఇప్పటికే ఆయాసం వొచ్చీసిందన్నాడు. మన కాడ లేదు గదా, రాయపూర్ వరకూ ఎల్తానన్నాడు."

"నాకు ఫోన్ చెయ్యలేకపోనావా?"

"ఇంతకు ముందయితే నీకే చేసీదాన్ని. ఇప్పుడు మూడు కాడలా సున్నా అని ఎదురుగుండా కనపడతంది గదా బాబాయ్. మరేటని చెయ్యను?"

సన్యాసిరావు ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన సామాను దాచిన రోజులు లేకపోలేదు. మొండి గిరాకీకి లేదని చెప్పి, నాలుగు రోజులు తిప్పి ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు ఆ అబద్ధం ఆయన కౌంటరు దాటి పోలేదు. ఇప్పుడు అదే అబద్ధం సీపత్‌లో ప్రసూన చెప్పింది, తిఫ్రాలో గిరిబాబు చెప్పాడు, ఇద్దరూ నిజమనుకునే చెప్పారు. ఎనిమిది తీగల గుండా తను ఎంత దూరం మాట్లాడగలడో ఆయనకు అప్పుడు తెలిసింది. భయమేసింది. ఆ భయంలోనూ, ఎంత పెద్దదిరా ఇది అనే ఆశ్చర్యం ఆయన్ని వదల్లేదు.

లేచి విజయనగరం దగ్గరికి నడిచాడు. మూడో అరలో చెయ్యిపెట్టి డబ్బా తీసి, నూనెకాగితం విప్పాడు. సీలు మొహం అద్దంలా ఉంది, గీత లేదు. నాలుగూ అలాగే ఉన్నాయి. అవతలి బల్ల దగ్గర మనోజ్ ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్నాడు. మెకానిక్ నంబరు కనుక్కుని ఒక సీలు చాటుగా చేతిలో పెట్టేస్తే ఎవరికీ తెలియదు. ర్యాకు అలాగే ఉంటుంది, తనూ ఉంటాడు. ఆ ఆలోచనతో పదడుగులు వేశాడు. కానీ రేపు ఇంకో పంపు ఆగితే? అప్పుడు తనకు ఎవరు చెబుతారు? ఎదురుగుండా సున్నా కనపడుతుంటే ఎవరు ఫోన్ చేస్తారు?

"లాస్యమ్మా, ఒక్కపాలి రా. ఇంకో ర్యాకు రాయాల," అన్నాడు.

నిచ్చెన మీద వైరుకు మేకులు కొడుతున్న లాస్య దిగి వచ్చింది. బల్ల మీద వంగి, వి, జ, య అంటూ ఒక్కో అక్షరం వెతుక్కుని పేరు కొట్టింది. సీలు నంబరూ, నాలుగు అన్న లెక్కా ఆయనే కొట్టాడు. చివరి మీటా ఆయనే నొక్కాడు.

నిమిషం తిరగలేదు. ఫోన్ మోగింది.

"బాబాయ్!" గిరిబాబు అరుస్తున్నాడు. "నాలుగు అని వొచ్చింది! ఇప్పుడే, నా కళ్ల ముందే!"

"అడిగినోడున్నాడా?"

"బండి స్టార్ట్ చేస్తన్నాడు."

"పట్టుకో ఆడ్ని! నాకాడికి తోలు!"

ఫోన్లో కుర్చీ పడ్డ చప్పుడు, తర్వాత "భయ్యా! ఓ భయ్యా! మిల్ గయా! రుకో!" అని రోడ్డు మీద పరిగెడుతున్న కేకలు వినిపించాయి. సన్యాసిరావు ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని విన్నాడు. కేకలు ఆగాయి. కాసేపటికి గిరిబాబు రొప్పుతూ, "వొస్తన్నాడు బాబాయ్," అన్నాడు.

ఇరవై నిమిషాల్లో మెకానిక్ వచ్చాడు. చొక్కా అంతా చెమట. సీలు వెలుగులోకి ఎత్తి చూసి, జేబులో పెట్టుకుని, మళ్లీ జేబు తడుముకుని, బండెక్కాడు. మూడింటికి ప్రసూన దగ్గర్నుంచి కబురు వచ్చింది. పంపు తిరుగుతోంది, ఆయాసం వచ్చినావిడను ముందు మంచం ఎక్కించారు.

మనోజ్ తెర ముందు నిలబడి కొత్త ర్యాకు పేరు కేసి చూస్తున్నాడు. తెలుగు చదవలేడు గానీ నిన్నటిదాకా లేని వరస ఒకటి వచ్చిందని తెలుసుకున్నాడు.

"అంకుల్, యే క్యా హై? స్తంభం వెనకదేనా? కబాడ్ అని చెప్పారంట కదా?"

"సెప్పేను బాబూ. తుక్కు కాదది. నా ఉద్యోగం పోతాదని అబద్ధం ఆడీసినాను."

మనోజ్ మొహంలో నవ్వు లేదు. చేతిలో బండి తాళాలు రెండుసార్లు తిప్పాడు. "శనివారం మాట్లాడదాం," అని వెళ్లిపోయాడు.

*

శుక్రవారం, శనివారం ఆయన విజయనగరం లోంచి బయటికి రాలేదు. స్తంభానికి బల్బు కట్టించుకుని, ఒక్కో డబ్బా విప్పి, తుడిచి, నంబరు చెప్పాడు. నంబరు చెరిగిపోయిన వాటిని వేళ్లతో తడిమి, ఫలానా కంపెనీ, ఫలానా పంపు అని చెప్పాడు. లాస్య కొడుతూనే ఉంది. రెండు వందల పదకొండు రకాలు తేలాయి. ఒక్కో డబ్బా తెర మీదికి ఎక్కినకొద్దీ తన అవసరం అంత తగ్గిపోతోందని ఆయనకు తెలుసు. అయినా ఒక్కో పేరు మూడు ఊళ్లలో ఒకేసారి వెలుగుతోందన్న ఊహ వచ్చినప్పుడల్లా ఆ ముసలి చేతులకు హుషారు పుట్టుకొచ్చేది. "ఇదీ రాసీ, ఇదీ రాసీ," అని ఆయనే తొందరపెట్టాడు.

శనివారం నాలుగింటికి ఆఖరి అర ఖాళీ చేసి, తుడిచి, మళ్లీ సర్దాడు. కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాడు. గోడౌన్ తాళాలు మొలతాడు నుంచి విప్పి, తీసుకెళ్లి మనోజ్ బల్ల మీద పెట్టాడు.

"అయిపోనాది బాబూ. ఇంక నా దగ్గిర దాసినదేటీ లేదు."

మనోజ్ తాళాలు ముట్టుకోలేదు. "అంకుల్, ఒకటి అడుగుతాను. చెప్పకపోతే నేను మిమ్మల్ని పంపించలేకపోయేవాణ్ని కదా. మళ్లీ మీ దగ్గరికే రావాల్సి వచ్చేది. ఫిర్ క్యోఁ బతాయా? ఎందుకు చెప్పారు?"

సన్యాసిరావు తడి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "ఇదివరకు నానొక్కడ్ని సామాను లేదంటే ఒక మనిషి ఎనక్కెల్లీవోడు బాబూ. ఇప్పుడు నాను లేదంటే మూడూళ్లు లేదంటాయి. అంత పెద్ద అబద్ధం నాను మొయ్యలేను."

మనోజ్ తన కంప్యూటరు ఆయన వైపు తిప్పాడు.

"ఇవి చూశారా?"

తెర నిండా ఫొటోలున్నాయి. విరిగిన ఇంపెల్లరు ఒకటి, తుప్పు పట్టిన బుష్ ఒకటి, ఓ రైతు అరచేతిలో రెండు ముక్కలైన రింగు, పొలంలో బురదలోనే తీసిన పంపు మూతి. షాపుల మధ్య కబుర్లు రాసుకోడానికి లాస్య పెట్టిన చోట తిఫ్రా, సీపత్ వాళ్లు గురువారం మధ్యాహ్నం నుంచి ఇవి పెడుతున్నారు. ఒక్కోదాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ముక్క రాసి ఉంది. మనోజ్ చదివాడు. "నంబర్ నహీఁ హై. బాబాయ్ కో దిఖావ్." కిందికి జరిపాడు. "బాబాయ్‌ని అడగండి." ఇంకా జరిపాడు. "బాబాయ్ ఎక్కడ?"

"మొత్తం పదమూడు. నేను ఎవరికీ చెప్పలేదు అంకుల్. వాళ్లంతట వాళ్లే పెడుతున్నారు. నేనూ లాస్యా కూర్చుని చూశాం, ఏక్ భీ పెహచాన్ నహీఁ పాయే, ఒక్కటీ పోల్చలేకపోయాం." అతని గొంతు కాస్త తగ్గింది. "నంబరు ఉంటే మెషీన్ చెబుతుంది. నంబరు లేకపోతే అది కూడా మిమ్మల్నే అడుగుతోంది."

సన్యాసిరావు కళ్లద్దాలు సవరించుకున్నాడు. తనెప్పుడూ చూడని గిరిబాబు, ఏ ఊరో తెలియని రైతు, బురదలో ఎవరో పెట్టిన చెయ్యి, అందరూ తనకేసి సామాను చాచి నిలబడ్డట్టుంది. ఆయన కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు.

మొదటి ఫొటో మీద వేలు పెట్టాడు. "ఇది తిరగేసి తియ్యమను. ఎనక పక్క గాడి ఉందో లేదో సూడాల."

"మీరే రాయండి," అని మనోజ్ లేచి, తన కుర్చీ ఆయన వైపు జరిపాడు. తన నీళ్ల సీసా, ఛార్జరు తీసి పక్క బల్ల మీద పెట్టుకున్నాడు. తాళాలు తీసి ఆయన టిఫిన్ డబ్బా మీద పెట్టాడు.

ఆయన కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తిరగేసి తియ్యమని రాశాడు. మీట నొక్కిన రెండు నిమిషాల్లోనే సీపత్ నుంచి ఇంకో ఫొటో వచ్చింది, వెనక వైపుది, గాడి స్పష్టంగా కనిపిస్తోంది. దాని కింద ప్రసూన రాసింది, "వొచ్చీసినావా బాబాయ్!"

"అంకుల్, సోమవారం పదింటికి వస్తారా?" అన్నాడు మనోజ్ వెనక నుంచి.

సన్యాసిరావు తల తిప్పలేదు. అప్పటికే రెండో ఫొటో మీదికి వంగి ఉన్నాడు.

"తొమ్మిదికే వొస్తాను బాబూ. సీపత్ షాపు తొమ్మిదికే తీస్తారు గదా."